మంగళవారం, పాడ్యమి, అధిక మాసం

మొదటే చెప్పేస్తాను, నేను బతికే ఉన్నాను. ఇలాంటి అనుభవాలు చదివేటప్పుడు ఆ ఒక్క సంగతి తెలియక చివరి పేజీ ముందుగా తిప్పి చూసే అలవాటు నాకుంది. మీకు ఆ శ్రమ లేకుండా చేస్తున్నాను. పెద్దపేగులో జానెడు ముక్క పోయింది. మూడు నెలల పాటు మందు ఒంట్లోకి ఎక్కి దిగింది. చన్నీళ్లు తగిలితే వేళ్ల చివర్లు ఇప్పటికీ చురుక్కుమంటాయి. ఇవి తప్ప మిగతా నేనంతా ఉన్నాను. కాబట్టి నవ్వొచ్చిన చోట మొహమాటపడకుండా నవ్వండి.

మెల్‌బోర్న్ ఆగ్నేయ శివార్లలో తెలుగువాళ్లు నన్ను ముహూర్తాల మూర్తి అంటారు. నేను పురోహితుణ్ణి కాను, నీటి పైపుల ఇంజినీరుని. ఈ దేశానికి వచ్చిన కొత్తలో ఒక మిత్రుడు విజయవాడ పంచాంగం చూసి సోమవారం ఏడున్నరకు రాహుకాలం మొదలని, ఆలోపే పాలు పొంగించాలని భార్యను చీకట్లో కొత్తింటికి పరుగెత్తించాడు. జూలై నెలలో ఇక్కడ ఏడున్నరకు సూర్యుడే దుప్పటి తీయడు. తిథికైతే నాలుగున్నర గంటలు కలిపితే సరిపోతుంది గానీ, రాహుకాలానికీ లగ్నానికీ ఇక్కడి సూర్యోదయం కావాలి. ఆ లెక్కకు కంప్యూటర్‌లో ఒక పట్టిక చేసిపెట్టాను. అదే నా పాపం. పద్దెనిమిదేళ్లుగా మా పేట క్లైడ్ నార్త్‌లో ఏ కొత్తింటి తాళం తెరిచినా, ఏ పాపకు అన్నప్రాశన చేసినా ముందు నా ఫోన్ మోగుతుంది.

ఇలా అడిగినవాళ్లకు నేను ఎక్కువసార్లు చెప్పిన మాట 'ఆగండి'. ఆషాఢం, ఆగండి. మూఢం, ఆగండి. అన్నిటికన్నా గట్టిగా ఆపేది అధిక మాసం. చంద్రుడి ఏడాది సూర్యుడి ఏడాదికన్నా పదకొండు రోజులు పొట్టి కాబట్టి, మూడేళ్లు తిరగకముందే ఒక నెల తేడా వస్తుంది. దాన్ని సర్దడానికి ఒక నెలను అదనంగా ఇరికిస్తారు. దానికి సొంత పేరు కూడా ఉండదు, పక్క నెల పేరే తగిలిస్తారు, ఆ వెనక వచ్చే అసలు నెలను 'నిజ' మాసమంటారు. జపానికీ దానానికీ తప్ప ఆ నెల దేనికీ పనికిరాదని అందరికీ చెబుతూ వచ్చినవాణ్ణి నేనే. అలాంటి ఒక అధిక శ్రావణం నా మీదకే వచ్చింది.

ఆషాఢ శుద్ధం

ఇక్కడ యాభై దాటినవాళ్లకు రెండేళ్లకోసారి ప్రభుత్వం పోస్టులో ఒక పెట్టె పంపుతుంది. మలపరీక్ష కిట్టు. రెండు రోజులు రెండు నమూనాలు తీసి, చిన్న గొట్టాల్లో పెట్టి, వాళ్లిచ్చిన కవర్లోనే తిరిగి పోస్టు చేయాలి. నేను చేయలేదు. ఒకటి కాదు, నాలుగు కిట్లు. కారణం, లోపల కాగితం మీద ఉన్న ఒక్క వాక్యం: పోస్టు చేసేదాకా నమూనాను ఫ్రిజ్‌లో ఉంచండి.

మొదటి కిట్టు వచ్చినప్పుడు ఆ వాక్యం చదివి మా ఆవిడ వసుంధర నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

"ఏ ఫ్రిజ్‌లో?"

"మనకున్నది ఒక్కటే కదా."

"అందులో రేపటి నైవేద్యానికి పాలున్నాయి. పెరుగుంది. మీ అక్క పంపిన మాగాయ ఉంది. వాటి పక్కన మీ... అది పెడతారా?"

పెట్టలేదు. ప్రభుత్వ ముద్ర ఉన్న కవరు పారేయడానికి మనసొప్పక, కర్పూరం డబ్బాలు ఉండే అరలో దాచాను. నాలుగోది కూడా అక్కడే ఉండేది, మా అమ్మాయి సాహితి చూడకపోయుంటే. సాహితి సిడ్నీలో, టూంగాబీలో ఉంటుంది. ఫార్మసిస్టు. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిష్‌లో వస్తుంది. జూన్‌లో ఇంటికొచ్చినప్పుడు అగ్గిపెట్టె కోసం ఆ అర తెరిచింది.

"నాన్నా, వై ఆర్ దేర్ ఫోర్ బవల్ కిట్స్ ఇన్ ద పూజ కబర్డ్?"

"ఫ్రిజ్..." అని మొదలుపెట్టాను.

"ఇట్స్ వింటర్. ఇన్ మెల్‌బోర్న్. ద గరాజ్ ఈజ్ అ ఫ్రిజ్."

అరవై ఒక్కేళ్ల ఇంజినీరుకి తట్టని సంగతి అది. పిక్నిక్‌కి తీసుకెళ్లే ఐస్ పెట్టె ఒకటి గ్యారేజీలో పెట్టి, దాని మూత మీద వసుంధర పెద్దక్షరాలతో 'ముట్టుకోవద్దు' అని రాసి, దాన్ని శాశ్వతంగా వంటింటి కుటుంబం నుంచి వెలివేసింది. కిట్టు పోస్టుకి వెళ్లింది. పది రోజుల్లో, నమూనాలో రక్తం ఉందని ఉత్తరం వచ్చింది. ఆ తర్వాత కెమెరా గొట్టంతో పరీక్ష. ఊళ్లో పైపుల లీకులు ముప్పయ్యేళ్లు పట్టుకున్నవాణ్ణి, సొంత పైపులో లీకు ఉందని వేరేవాళ్లు చెప్పాల్సి వచ్చింది.

మత్తు పూర్తిగా దిగకముందే డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె కూర్చోవడంతోనే, క్యాన్సర్ అన్న మాట ఆమె నోట రాకముందే, నాకు అర్థమైంది. మంచి వార్తలు ఎవరైనా నిలబడే చెబుతారు.

ఆషాఢ బహుళ దశమి

ఆపరేషన్ తేదీ చెబుతూ ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. వచ్చే మంగళవారం, పద్దెనిమిదో తేదీ. అలవాటు కొద్దీ పట్టిక తెరిచాను. అధిక శ్రావణ శుద్ధ పాడ్యమి. వారాల్లో మంగళవారం, తిథుల్లో పాడ్యమి, నెలల్లో అధిక మాసం. మూడు గండాల్నీ ఒక్క రోజున కుదర్చడం నావల్ల కూడా అయ్యే పని కాదు.

నరసరావుపేటలో ఉన్న మా అక్కకు చెప్పాను.

"ఒరే, మంగళవారం, పాడ్యమి, అధికమాసం! ఎవడు పెట్టాడ్రా ఆ ముహూర్తం?"

"సర్జన్, అక్కా. ఆయనకు ఆ రోజే ఖాళీ ఉందిట."

"ఒక్క నెల ఆగమను. నిజ శ్రావణంలో చేయించుకో. ఇన్నాళ్లూ లోపలే ఉంది కదా, ఇంకో నెల ఉండలేదా అది?"

కొత్తిల్లు కడుతున్న రవి అనే కుర్రాడు కూడా ఫోన్ చేశాడు. నెల క్రితం అతను పునాది స్లాబు పోయిస్తానంటే, అధిక మాసం దాటనివ్వమన్నాను. బిల్డరుతో గొడవపడి మరీ ఆపాడు. "అంకుల్, కాంక్రీటుకే ఆగమన్నారు, కడుపుకి ఆగరా?" అన్నాడు. వెక్కిరింపు కాదు. నిజంగానే అడిగాడు, పాపం.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. వీళ్లెవరూ అనకముందే నేను ఆగాలనుకున్నాను. వసుంధర పిల్లల సంరక్షణ కేంద్రంలో పనికి వెళ్లాక ఆస్పత్రికి ఫోన్ చేసి, నెల రోజులు వాయిదా వేయగలరా అని అడిగాను.

"మెడికల్ రీజనా, పర్సనలా, లవ్?" అంది అటుపక్క ఆమె.

"రిలిజియస్," అన్నాను.

"ఓ, నో వరీస్," అని టకటకా ఏదో కొట్టింది. వచ్చే నెల ఇరవై రెండున ఒక స్లాటు ఉందంది. నేను వాదనకు సిద్ధపడి ఉన్నాను. అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి, గట్టిగా నెడదామనుకున్న తలుపు తెరిచే ఉన్నట్టు తూలిపడ్డాను. పెట్టేసే ముందు ఆమె మాత్రం అంది: "ఈ ట్యూస్‌డే స్లాటు త్రీ ఓక్లాక్ దాకా ఎవరికీ ఇవ్వను. జస్ట్ ఇన్ కేస్."

ఆమె ముఖం నేనెప్పుడూ చూడలేదు. ఆ మూడు గంటల గడువు ఆమె ఉద్యోగంలో భాగం కాదని మాత్రం తెలుసు.

ఒంటిగంటన్నరకు వసుంధర వచ్చింది. చేతులకు ఇంకా పిల్లల రంగులున్నాయి. చెప్పాను. ఆమె ఇల్లూ వాకిలీ శుచిగా చూసుకునే మనిషి, శుక్రవారం నేలమీద గింజ పడనివ్వదు, నాకన్నా ఆచారం ఎక్కువ. మెచ్చుకుంటుందనుకున్నాను.

"ఆమెకు ఏ కారణం చెప్పారు?"

"మతపరమైన కారణం."

"అబద్ధం. భయమని చెప్పాల్సింది. అది అన్ని మతాల్లోనూ ఉంటుంది."

నేను పంచాంగం తీయబోయాను. "చూడు, కొత్తగా ఏ పనీ ఆరంభించకూడదని..."

"ఏం ఆరంభిస్తున్నారు? అది మొదలై ఎన్నాళ్లయిందో మీకు తెలుసా? మీరు వెళ్లేది ఆపడానికి." చేతులు కడుక్కోవడానికి వెళ్లి, కడుక్కోకుండానే తిరిగొచ్చింది. "సాహితి ఏ రోజు పుట్టింది?"

"అమావాస్య. మంగళవారం."

"అప్పుడు ఆగమనలేదే నన్ను?"

"అది మన చేతిలో ఉందా?"

"ఇది ఉందా?"

అధిక ప్రసంగినని పేరున్న నాకు, అధిక మాసం దగ్గర మాట పడిపోయింది. శాస్త్రం ఆపేది కోరి చేసే శుభకార్యాల్ని. తప్పనిసరి పనుల్ని అది ఏనాడూ ఆపలేదు. ఇది ఎవరికైనా అరనిమిషంలో చెప్పగలిగినవాణ్ణే. కానీ నేను నా భయానికి పట్టుపంచె కట్టి, బొట్టు పెట్టి, శాస్త్రమని పేరు పెట్టి ఆస్పత్రికి పంపాను. వాళ్లు పాపం నమస్కారం పెట్టి పంపేశారు.

రెండూ నలభైకి వసుంధరే నంబరు నొక్కి ఫోన్ నా చేతికిచ్చింది.

"చేంజ్డ్ యువర్ మైండ్?" అంది అదే గొంతు.

"మై వైఫ్ చేంజ్డ్ ఇట్."

"గుడ్ ఆన్ హర్."

అధిక శ్రావణ శుద్ధ పాడ్యమి, మంగళవారం

పొద్దున్న ఆరున్నరకు వెయిటింగ్ రూములో ఎనిమిదిమందిమి. అందరి చేతుల్లోనూ ఒకేలాంటి ప్లాస్టిక్ సంచీ, అందరి ముఖాల్లోనూ ఒకేలాంటి మర్యాద. మూల టీవీలో ఎవరో ఇల్లు బాగుచేసుకుంటున్నారు. వసుంధర నా పక్కన కూర్చుని ఏవో నామాలు లోపల అనుకుంటోంది. నేను చేయి పట్టుకోబోతే "లెక్క తప్పుతుంది, ఉండండి" అంది. పిలుపు వచ్చినప్పుడు మాత్రం లెక్క మధ్యలోనే వదిలేసి నా చేయి పట్టుకుంది. తర్వాత అడిగితే, ఎక్కడ ఆగిందో గుర్తులేదంది.

మత్తిచ్చే డాక్టరు కుర్రవాడు. పది నుంచి వెనక్కి లెక్కపెట్టమన్నాడు. నా నోటికి అంకెలు రాలేదు. పాడ్యమి, విదియ, తదియ అన్నాను. చవితి దాకా వెళ్లినట్టు గుర్తు.

శుద్ధ చవితి

తర్వాతి రోజుల గురించి ఎక్కువ చెప్పను. నొప్పి గురించి రాసేవాళ్లు దాన్ని కత్తితో పోలుస్తారు. నాకు మాత్రం ఇరుకు చొక్కాలా అనిపించింది. ఊపిరి తీస్తే కుట్లు పిగిలే చొక్కా.

పెద్దపేగు ఆపరేషన్ అయ్యాక వార్డు మొత్తం ఒకే ఒక్క శుభవార్త కోసం ఎదురుచూస్తుంది. గాలి. అది కింద నుంచి వదిలితే పేగు మేలుకున్నట్టు, అన్నం పెడతారు. లేకపోతే లేదు. నర్సు రోజుకు మూడుసార్లు వచ్చి, వాతావరణం అడిగినంత మామూలుగా, "ఎనీ విండ్, మిస్టర్ మూర్తి?" అని అడిగేది. లేదు. జీవితమంతా స్నేహితుల మధ్య గ్యాస్ కొట్టి బతికినవాణ్ణి, ప్రాణం మీదకు వచ్చినప్పుడు నా దగ్గర సరుకు లేకపోయింది.

పక్క మంచం గ్రెగ్‌ది. డెబ్బై దాటిన ప్లంబరు. అతనికిది రెండో ఆపరేషన్. ఇద్దరం పైపుల మనుషులమే కాబట్టి త్వరగా కలిసిపోయాం. "నడవాలి మేట్, నడిస్తేనే కదులుతుంది" అని నన్ను లేపి, సెలైన్ స్టాండ్లు పట్టుకుని వరండాలో తిప్పేవాడు. ఇద్దరం వెనకాల తెరుచుకునే గౌన్లు వేసుకుని, ఒక చేత్తో స్టాండూ మరో చేత్తో మర్యాదా పట్టుకుని నడిచేవాళ్లం.

"సో వాట్ డూ యూ డూ, అపార్ట్ ఫ్రమ్ వాటర్?" అన్నాడు.

జనానికి ఏ పని ఎప్పుడు చేయాలో చెబుతానన్నాను.

"లైక్ అ ట్రాఫిక్ లైట్?"

"అవును. ఎక్కువగా రెడ్."

ఆపరేషన్ అధిక మాసంలో జరిగిందన్న కథ కూడా చెప్పాను. అతను వరండాలో ఆగిపోయి రెండుసార్లు అడిగాడు. "హోల్డ్ ఆన్. మీకు మూడేళ్లకోసారి ఒక నెల ఎక్స్‌ట్రా వస్తుందా? ఫ్రీగా? అండ్ యూ బ్లోక్స్ డోంట్ డూ ఎనీథింగ్ విత్ ఇట్?"

"దానధర్మాలు చేస్తాం," అన్నాను, కొంచెం రోషంగా.

"ఐ'డ్ కిల్ ఫర్ వన్," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, స్టాండు తోసుకుంటూ నాకన్నా ముందుకు నడిచిపోయాడు. అతని వ్యాధి కాలేయానికి పాకిందని ఆ సాయంత్రం నర్సుల మాటల్లో తెలిసింది.

చవితి నాడు, మధ్యాహ్నం భోజనాల బండి పక్కనుంచి వెళుతుండగా, ఆ గాలి వచ్చింది. దాపరికం లేకుండా వచ్చింది. గ్రెగ్ చప్పట్లు కొట్టాడు. ఎదుటి మంచాల్లో ఇద్దరూ కొట్టారు. వీడియో కాల్‌లో ఉన్న మా అక్క ఏమైందిరా అని అరిచింది. చెబితే కొంగు కళ్లకు అద్దుకుని, "నా తండ్రే, వెంకన్నకు ముడుపు కడతాను" అంది. అపానవాయువుకు ముడుపు కట్టించుకున్న మనిషి మా వంశంలో నేనొక్కణ్ణే.

శుక్ల పక్షం మిగతా రోజులు

ఇంటికొచ్చాను. ఆరు వారాలు కెటిల్ కన్నా బరువైనది ఎత్తకూడదు. తీసిన ముక్కను పరీక్షకు పంపారు. రోగం పేగు దాటి పక్కనున్న గ్రంథులకు పాకిందా లేదా అన్నది దాంట్లో తేలుతుంది. ఫలితం రెండు వారాలకు.

సాహితి సెలవు పెట్టి వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ వారం నాకు రోగంకన్నా వాళ్లిద్దరి మధ్య ఉండటం కష్టమైంది. సాహితి ఆహార పట్టిక ఒకటి అచ్చుతీసి ఫ్రిజ్‌కు అంటించింది. పీచు తక్కువ, కారం వద్దు, తెల్లబ్రెడ్డు తినాలి. వసుంధర పెసరకట్టు చేసి తెస్తే, "అమ్మా, నో దాల్ యెట్" అంది. వసుంధర గిన్నె తీసుకుని వెళ్లిపోయింది. కాసేపటికి వంటింట్లోంచి మాటలు వినబడ్డాయి.

"ముప్పై నాలుగేళ్లుగా ఆయనకు వండుతున్నాను. ఇప్పుడు బ్రెడ్డు ముక్క పెట్టమని కాగితం అంటిస్తావా నాకు?"

"ఐ'మ్ స్కేర్డ్, అమ్మా! ఓకే? ఐ'మ్ జస్ట్ స్కేర్డ్!"

నేను వెళ్లి చూసేసరికి ఇద్దరూ పొయ్యి దగ్గర నిలబడి, ఆ పెసరకట్టును ఒకే గిన్నెలోంచి తింటున్నారు. నాకు బ్రెడ్డు ఇచ్చారు.

సాహితి వెళ్లాక ఇల్లు నిశ్శబ్దమైంది. గ్రెగ్ మాట మాత్రం వదల్లేదు. ఒక నెల అదనంగా దొరికింది. నిజానికి నేను పోగొట్టుకోబోయిన నెల అది. దాన్ని తలుపు వేసి, దీపం పెట్టి, ఫలితం కోసం గోడ చూస్తూ గడపడమా? ఆ ఆలోచన వచ్చేసరికి నాకు కోపం వచ్చింది. రోగం మీదా, నామీదా, నేను పద్దెనిమిదేళ్లుగా అన్న 'ఆగండి' మీదా. ఆ కోపం నాకు మందుకన్నా బాగా పనిచేసింది. కుట్లు లాగుతున్నా నిటారుగా కూర్చున్నాను.

ఫోన్లు మొదలయ్యాయి. ఆషాఢం, అధికం కలిపి రెండు నెలలుగా ఆగిన ఊరంతా నిజ శ్రావణం కోసం వరసలో ఉంది. గృహప్రవేశాలు, నామకరణాలు, కొత్త కార్లు. నేనొక నియమం పెట్టాను. ఇంట్లో యాభై దాటినవాళ్లు ఆ కిట్టు పోస్టు చేశాకే నా దగ్గర ముహూర్తం దొరుకుతుంది.

"అంకుల్, పునాది ముహూర్తానికీ దానికీ ఏంటండీ సంబంధం?" అన్నాడు రవి.

"మీ నాన్నగారికి పౌరసత్వం వచ్చింది కదా, ఆయనకు వచ్చిన కిట్టు ఏమైంది?"

"అది... గరాజ్‌లో ఉండాలి."

"గరాజ్ మంచి చోటే. ఐస్ పెట్టె ఉందా?"

రవికి ఇంకో మాట కూడా చెప్పాను. స్లాబు పోసేయమన్నాను, రేపే, అధిక మాసంలోనే. చలికాలం వానలు పట్టుకుంటే బిల్డరు మళ్లీ దొరకడు. "అంకుల్, మీకు ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు.

అందరూ ఇంత మంచిగా తీసుకోలేదు. ప్రసాదరావు గారని, రిటైరైన గుండె డాక్టరు, ఆలయ కమిటీలో పెద్దమనిషి. ద్రాక్షపళ్లతో పరామర్శకు వచ్చి, మనవడి అక్షరాభ్యాసానికి రోజు చూడమన్నారు.

"చూస్తానండీ. తమరు కిట్టు పంపారా?"

"నేను డాక్టర్నయ్యా!"

"అందుకే అడుగుతున్నాను. పంపారా?"

ఆయన ముఖం ఎర్రబడింది. "ఊళ్లో అంతా అదే చెప్పుకుంటున్నారు నీ గురించి. పవిత్రమైన మాసం, పురుషోత్తమ మాసం. గుళ్లో ముఖం చూపించే మనుషులం. ఈ నెలలో ఇంటింటికీ ఫోన్ చేసి మలం గురించి మాట్లాడతావా?"

"దీనికి శాస్త్రంలోనే మలమాసమని ఇంకో పేరుందండీ. నేను పరిధి దాటలేదు."

ఆయన ద్రాక్షపళ్లు వదిలి వెళ్లిపోయారు. అక్షరాభ్యాసానికి వేరేవాళ్ల దగ్గర రోజు పెట్టించుకున్నారు. గుళ్లో కనిపిస్తే ఇప్పటికీ తల తిప్పుకుంటారు. అయితే మర్నాడే వాళ్ల ఆవిడ వసుంధరకు ఫోన్ చేసి, "మా ఆయనకు చెప్పకండి గానీ, ఆ ఐస్ పెట్టె ఎంత పెద్దది ఉండాలి?" అని అడిగింది.

బహుళ చవితి

ఫలితం చెప్పడానికి సర్జన్ రమ్మన్నారు. ఆయన కూడా కుర్చీ లాక్కునే కూర్చున్నారు. ఒక గ్రంథిలో ఉంది. ఒక్కదానిలోనే, కానీ ఉంది. మూడు నెలలు కీమో మందు ఎక్కించాలి.

అడగకూడదనుకుంటూనే అడిగాను. "నేను మొదట అడిగినట్టు ఇంకో నెల ఆగి ఉంటే?"

ఆయన తొందరపడలేదు. "ఏమీ తేడా ఉండకపోవచ్చు. ఉండవచ్చు కూడా. అది ఎవరూ చెప్పలేరు," అన్నారు ఇంగ్లిష్‌లో. "నాలుగు కిట్ల కిందట వచ్చుంటే మాత్రం, నేను చెప్పగలిగేవాణ్ణి."

కారు పార్కింగులో వసుంధర ఏడ్చింది. ఆ రెండు నెలల్లో మొదటిసారి. స్టీరింగ్ మీద తల ఆనించి, "నా ఫ్రిజ్ వల్లే, నా దిక్కుమాలిన ఫ్రిజ్ వల్లే" అంది. ఆరేళ్లకు పైగా ఆ మాట ఆమె లోపల ఎవరూ అనకుండానే తిరుగుతోందని నాకు తెలియలేదు. నేను సరదాగా చెప్పుకున్న కథ ఆమెకు సరదా కాదు.

"ఫ్రిజ్ వల్ల కాదు," అన్నాను. "నాకు చేయాలని లేదు. నువ్వు కాదనగానే ప్రాణం లేచొచ్చింది నాకు. నువ్వు సరే అనుంటే ఇంకో కారణం వెతికేవాణ్ణి. ముహూర్తం బాగాలేదనేవాణ్ణి."

తలెత్తి చూసింది. నిజమేనా అన్నట్టు. నిజమే. ఈ వ్యాసం మొత్తంలో నేను రాయడానికి వెనకాడిన వాక్యం అదొక్కటే. మీ ఇంట్లో కూడా ఒక కిట్టు ఎక్కడో అరలో ఉంటే, అది ఫ్రిజ్ వల్లా ఆచారం వల్లా అక్కడ లేదు. బయటకు తీయండి. సిగ్గు రెండు నిమిషాలు ఉంటుంది. నాకు మిగిలినవి కుట్లు.

ఓ సోమవారం

మందు మొదలుపెట్టడానికి రెండు తేదీలు చెప్పారు. వచ్చే సోమవారం, లేదా ఆ పై వారం. పై వారానికి నిజ శ్రావణం వచ్చేస్తుంది. సోమవారమే రాసుకోమన్నాను.

పెద్ద కిటికీల గది. వరసగా వాలు కుర్చీలు. బయట చలిగాలికి యూకలిప్టస్ చెట్లు ఊగుతున్నాయి. ఎదుటి కుర్చీలో నూలు టోపీ పెట్టుకున్న ఒకామె, కొత్తవాణ్ణని పసిగట్టి, "బ్లాంకెట్ అడుగు, వేడిచేసి ఇస్తారు, అడగకపోతే ఇవ్వరు" అని చెప్పింది. అడిగాను. ఇచ్చారు. ఆ దుప్పటి వెచ్చదనానికి, ఎందుకో, అప్పటిదాకా రానంత భయం వచ్చింది. దాన్ని గడ్డం దాకా లాక్కున్నాను.

నర్సు మందు సంచీ తెచ్చి, నా పేరూ పుట్టిన తేదీ రెండుసార్లు చెప్పించుకుని, సంచీ మీది చీటీతో సరిచూసుకుంది. చేతి మీద నరం వెతికింది. దొరికింది.

వసుంధర నా చెవి దగ్గరకు వంగింది. పద్దెనిమిదేళ్లుగా ఊరంతా అడిగే ప్రశ్నే. ఆమె మాత్రం ఎప్పుడూ అడగలేదు, ఇంట్లో ఉన్నవాణ్ణే కాబట్టి.

"ఏమండీ, ఇప్పుడు టైమ్ ఎలా ఉంది?"

"చూడలేదు," అన్నాను.

"అబద్ధం."

"నిజంగానే చూడలేదు, వసూ."

నర్సు సూది పట్టుకుని మా ఇద్దరి ముఖాలూ చూసింది. "రెడీ, ఆర్ డూ యూ వాంట్ అ మినిట్?"

అక్కర్లేదన్నాను. చేయి చాపాను.